'ఇన్' కనబడితే 'కాదు' అనేసుకోకండి

మొన్న నరసన్నపేట దగ్గర హైవే మీద మా బస్సు ముందు ఆయిల్ ట్యాంకర్ వెళ్తోంది. వెనక ఎర్రక్షరాలతో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంది. పక్కన కూర్చున్న మా మేనకోడలు, "మావయ్యా, ఇన్ అంటే కాదు కదా, మరి ఇది అంటుకోదా?" అంది. తొమ్మిదో తరగతి గుంట, తప్పు దానిది కాదు. బళ్లో చెప్పింది ఒక్క 'ఇన్' గురించే.

లాటిన్ నుంచి ఇంగ్లీషుకి వచ్చినవి రెండున్నాయి. ఒకటి 'కాని, లేని'. ఇది మన అన్యాయం, అనర్హులలోని అ, అన్‌కి తోబుట్టువే. ఇంగ్లీషు సొంత 'అన్' కూడా ఆ కుదురుదే. రెండోది 'లోకి, మీదికి'. ఇన్వేడ్ అంటే లోపలికి చొరబడటం. లాటిన్‌లో ఇన్‌ఫ్లమారే అంటే మంట పెట్టడం, ట్యాంకర్ మీద మాట దాని సంతానం. ఈ తికమక ప్రాణాల మీదికి తెస్తుందనే, అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920లలోనే 'ఫ్లేమబుల్' అని రాయమని పట్టుబట్టింది.

కాబట్టి కొత్త మాట తగిలితే 'కాని', 'లోకి' రెండూ పెట్టి చూడండి, ఏది అతికితే అది. ఇంపాసిబుల్‌కి మొదటిది, ఇంపోర్ట్‌కి రెండోది. ప, బ, మ ముందు ఇన్ కాస్తా ఇమ్ అవుతుంది. ల ముందు ఇల్, అందుకే ఇల్లీగల్. ఉత్, లాసం కలిసి ఉల్లాసం కాలేదూ, అలాగే. ఇన్వాల్యుబుల్‌తో మాత్రం జాగ్రత్త: విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది.