పాఠం 4: లెప్టోస్పైరా, రోజుల లెక్క

స్పైరోకీట్ల (మెలితిరిగిన సన్నటి క్రిముల) వరసలో ఈసారి సిఫిలిస్ మొదలుపెట్టాల్సింది. పోయినసారి ఇచ్చిన ప్రశ్నకు జవాబులు చూశాక దాన్ని వెనక్కి జరిపి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి అంటే లెప్టోస్పైరా దగ్గరే ఆగాను. ఆ ప్రశ్న ఇదీ: నర్సంపేట వైపు నాట్లకు పోయే కూలీకి జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు. దవాఖానకు వచ్చిన రోజే చేసిన ఐజీఎం ఎలైజా (రక్తంలో తొలి యాంటీబాడీలను వెతికే పరీక్ష) నెగెటివ్. "అయితే లెప్టో కాదు" అని చాలామంది కొట్టేశారు.

యాంటీబాడీలు కనబడటానికి జ్వరం మొదలయ్యాక 5 నుంచి 7 రోజులు పడుతుంది. అంతకుముందు క్రిమి రక్తంలోనే తిరుగుతుంటుంది, కాబట్టి మొదటి వారం రక్తంతో పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష). రెండో వారం నుంచి మూత్రంలోకి దిగుతుంది. ఆమ్ల మూత్రంలో తొందరగా చస్తుంది, అందుకే 2 గంటల్లోపు చూడాలి.

అసలు తప్పు మరోచోట ఉంది. రోజులను దవాఖాన చీటీ మీది తేదీ నుంచి లెక్కపెడుతున్నారు. "జ్వరం ఎన్నటి నుంచి?" అంటే "నిన్నటి నుంచే" అంటారు. మంచం పట్టింది నిన్న, అంతే. చలి పెట్టింది అంతకు నాలుగు రోజుల ముందు. "నాటుకు పోవుడు ఏ రోజు బందు చేసినవ్? అంతకుముందు ఒళ్లు నొప్పులు ఉండెనా?" అని అడగండి, లెక్క కుదురుతుంది. నీళ్లలో దిగింది ఎప్పుడన్నది వేరే లెక్క: రోగం పొదిగే కాలం 2 నుంచి 30 రోజులు, కాబట్టి నెల వెనక్కి పోయి అడగాలి. మధ్యలో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే అదీ రాసుకోండి. యాంటీబయాటిక్ పడ్డాక కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచడం) మీద ఆశ పెట్టుకోవద్దు, పడకపోయినా అది వారాల పని.

డార్క్‌గ్రౌండ్ (నల్లటి నేపథ్యంలో క్రిమిని చూపే మైక్రోస్కోపు) మీద నాకు నమ్మకం తక్కువ. మిల్లీలీటరుకు 10,000 క్రిములుంటే ఫీల్డుకు ఒకటి కనిపిస్తుంది, పైగా రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగులూ అలాగే ఊగుతాయి.

హెలికోబ్యాక్టర్‌ను (కడుపు పుండ్ల క్రిమిని) స్పైరోకీట్లలో కలిపినవాళ్లకు ఒక్క మాట: దాని కశాభాలు (కదలడానికి వాడే తోకలు) బయట ఉంటాయి, స్పైరోకీట్లవి లోపలి పొరకూ బయటి పొరకూ నడుమ.

అభ్యాసం: ముగ్గురికీ ఏ నమూనా, ఏ పరీక్ష, మళ్లీ ఎప్పుడు?

పరకాల రైతు: జ్వరం జూలై 12న, రాక 15న.

ములుగు కూలీ: జ్వరం 1న, సూది 5న, రాక 14న.

మూడో మనిషికి తేదీ గుర్తులేదు. నాటు 8న మానేసింది, రాక 16న, ఐజీఎం నెగెటివ్. మ్యాట్‌కు (యాంటీబాడీల మోతాదు కొలిచే పరీక్షకు) రెండో రక్తం 10 నుంచి 14 రోజులకు తీస్తారనీ, ఆ మోతాదు నాలుగింతలు పెరిగితేనే లెక్కనీ గుర్తుంచుకొని కారణంతో సహా రాయండి. చికిత్స మాత్రం రిపోర్టు కోసం ఆగదు.