మగ నర్సులు వార్డులో టెన్షన్ తగ్గించుకోవాలంటే ఇలా చెయ్యండి

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు ఆస్పత్రుల్లో పనిచేసే మన తెలుగు కుర్రాళ్ల కోసం ఇది. వార్డులో మగ నర్స్ ఒక్కడే ఉంటే బరువులెత్తే పనీ, తాగొచ్చి గొడవచేసే వాళ్లని ఆపే పనీ అన్నీ అతని మీదే పడిపోతాయి, ఇది అన్యాయమే. ఒక్కరే పేషెంట్‌ని ఎత్తొద్దు, రెండో మనిషి వచ్చేదాకా ఆగండి, మంచానికి దగ్గరగా నిలబడి మోకాళ్లు వంచండి, నడుము వంచకండి. గొడవైతే మధ్యలో దూరకుండా ముందు సెక్యూరిటీని పిలవండి.

ఆడ పేషెంట్‌కి క్యాథెటర్ (మూత్రం గొట్టం) లాంటివి పెట్టాల్సొస్తే ముందు చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే, ఒక సిస్టర్‌ని పక్కన ఉంచుకుని చెయ్యండి, ఎవరున్నారో కేస్ షీట్‌లో రాయండి. కొండల మీంచొచ్చే సవర, కుయి భాషలు మాట్లాడే గిరిజనులకి మన తెలుగుగానీ ఒడియాగానీ సరిగ్గా అర్థంకాకపోవచ్చు, తోడొచ్చిన ఆశా కార్యకర్తతో చెప్పించండి, సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

నైట్లు వరసగా వేస్తుంటే లోపల కుమిలిపోకుండా తేదీలతో కాగితం రాసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇచ్చి ఒక కాపీ దాచుకోండి.

ఇంకోటి, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో మగవాళ్లకి 20 శాతమే, మిగతా 80 ఆడవాళ్లకి అని 2019లో పెట్టారు, అందుకని ఆ ఒక్క పరీక్ష మీదే ఆశంతా పెట్టుకుని నలిగిపోకండి తమ్ముడూ, రాష్ట్ర పోస్టులకీ అప్లై చెయ్యండి.

నిద్ర పట్టకపోయినా, డ్యూటీకెళ్లాలంటేనే గుండె దడగా ఉన్నా మనసు బాధలకి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.