నెట్ ఉంది, పేరే దొరకట్లేదు: లైనక్స్‌లో హోస్ట్‌నేమ్ చిక్కులు

అమలాపురం దగ్గర మా మామయ్య వాళ్ల ఊళ్లో వానలకి కరెంటు పోయి వచ్చిందంటే నాకు ఫోను ఖాయం. "ఒరేయ్ అల్లుడూ, నెట్ మళ్లీ చచ్చిందిరా!" టెర్మినల్ తెరిచి పింగ్ 8.8.8.8 కొట్టమంటాను. జవాబులు వస్తాయి. అదే గూగుల్ డాట్ కామ్ అని కొడితే రావు. అంటే కాలువ నిండా నీళ్లున్నాయి, మన చేలోకొచ్చే బోదెకే గుర్రపుడెక్క అడ్డం పడింది. అంకెలకీ జవాబు రాకపోతే ముందు వైఫై, కేబుల్, రౌటర్ చూసుకోండి. ఈ కింద రాసింది పేర్ల గొడవ గురించే.

సమస్య: "టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్"

సైటు పేరు అడిగితే దాని అంకెల చిరునామా చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. దాని నుంచి పనికొచ్చే జవాబు రాలేదని దీని అర్థం. "నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్" అని వస్తే కథ వేరు, మామూలుగా ఆ పేరు లేదని జవాబు వచ్చినట్టు. అప్పుడు ముందు స్పెల్లింగ్ చూసుకోండి.

రిజాల్వ్‌సీటీఎల్ (కలిపి ఒకే మాట) స్టేటస్ అని కొడితే కంప్యూటర్ ఏ సర్వర్‌ని అడుగుతోందో కనిపిస్తుంది. మామయ్య ఇంట్లో అది రౌటరే. దాన్ని ఆపి, అర నిమిషం ఆగి వేస్తే సగం సార్లు దారికొస్తుంది. రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద ఆటోమేటిక్ డీఎన్ఎస్ తీసేసి 1.1.1.1, 8.8.8.8 రాసి, కనెక్షన్ ఆపి మళ్లీ వేయండి.

చాలామంది ఇక్కడే ఈటీసీ ఫోల్డర్లో డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో వేలు పెడతారు. ఉబుంటులో అందులో 127.0.0.53 అని ఉంటే కంగారుపడకండి. అది మన కంప్యూటర్లోనే నడుస్తూ పేర్లు వెతికిపెట్టే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ చిరునామా, ఉండాల్సిందే. మీరు చేత్తో మార్చింది మాత్రం రీస్టార్ట్ చేస్తే నిలవదు. నేనూ రెండుసార్లు మార్చి, రెండుసార్లూ మామయ్య చేత తిట్లు తిన్నాను.

సమస్య: ప్రతి పేజీకీ ముందు ఐదు సెకన్లు ఆగుతుంది

రిజాల్వ్‌డీ వాడకుండా ఆ ఫైల్లోనే సర్వర్లు రాసుకున్న కంప్యూటర్లలో ఇది కనిపిస్తుంది. మొదటి సర్వర్ పలకకపోతే మామూలుగా 5 సెకన్లు చూసి గానీ రెండోదాన్ని అడగదు. చచ్చిన సర్వర్ లైను తీసేయండి. నాలుగోది రాసినా లాభం లేదు, మూడే చదువుతుంది.

సమస్య: డిగ్‌కి దొరికిన పేరు మిగతా ప్రోగ్రాములకి దొరకదు, లేదా తప్పు చోటికి పోతుంది

నా గంటన్నర తినేసింది ఇదే. డిగ్ అనేది పేర్లు పరీక్షించే కమాండ్, నేరుగా డీఎన్ఎస్‌ని అడుగుతుంది. మిగతా ప్రోగ్రాములు ఈటీసీలోని ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో హోస్ట్స్ అన్న లైను చెప్పిన వరసలో పోతాయి. అందులో మామూలుగా మొదటిది, పేర్లూ చిరునామాలూ మనమే రాసుకునే ఈటీసీ హోస్ట్స్ ఫైల్. ఎప్పుడో ఒక సైటు పరీక్షకని అందులో పాత చిరునామా రాసి, నేనే మర్చిపోయాను. గెట్‌ఎంట్ హోస్ట్స్ అని కొట్టి పక్కన పేరు రాస్తే ప్రోగ్రాములకి అందే జవాబే మీకూ కనిపిస్తుంది. అది డిగ్ చెప్పినదానికి వేరుగా ఉంటే ఆ రెండు ఫైళ్లూ తెరవండి. ఫైర్‌ఫాక్స్ ఒక్కటే బాగా నడుస్తుంటే అది హెచ్‌టీటీపీఎస్ మీద సొంతంగా డీఎన్ఎస్ అడుగుతుండొచ్చు. దాన్ని చూసి అంతా బాగుందనుకోవద్దు.

సమస్య: డాట్ లోకల్‌తో ముగిసే ప్రింటర్ పేరు దొరకదు

ఈ పేర్లు డీఎన్ఎస్ సర్వర్‌కి తెలియవు. ఇంట్లోని యంత్రాలు ఎండీఎన్ఎస్ ద్వారా ఒకదాన్నొకటి అడుగుతాయి. కంప్యూటర్లో ఆ పని చూసే అవాహీ నడుస్తోందా, ఫైర్‌వాల్‌లో యూడీపీ 5353 తెరిచి ఉందా చూడండి. ప్రింటర్ ఇంటి వైఫైలో, కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉంటే ఎంత వెతికినా దొరకదు.

సమస్య: అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో కొడితే "అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్"

మామయ్య ముచ్చటపడి కంప్యూటర్ పేరు "కోనసీమ" అని మార్చాక వచ్చింది. హోస్ట్స్ ఫైల్లో 127.0.1.1 పక్కన పాత పేరే ఉండిపోయింది. అక్కడ కొత్త పేరు రాసి సేవ్ చేస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు.