చెదిరిన కమతాలను ఒకచోటికి చేర్చే విధానాన్ని రూపొందించడం ఎలా?

కమతాల ఏకీకరణను తలపెట్టే ప్రభుత్వం కొత్త పటం గీయడానికి ముందే పాత హక్కులను తేల్చుకోవాలి. మరణించిన వారి పేరిటే మిగిలిన భూమి చెక్కలు, నమోదు కాని వాటాలు, తనఖాలు, నోటిమాట కౌళ్లు తేలకుండా మార్పిడికి దిగితే ప్రతి గట్టూ ఒక వ్యాజ్యమవుతుంది.

తరువాతి పని విలువ కట్టడం. అన్నింటిలోనూ కష్టమైనది ఇదే. ఎకరానికి ఎకరం అన్న లెక్క పైకి న్యాయంగా కనిపించినా, కాలువ పక్కనున్న నేల వదులుకుని రాళ్ల మెరక పొందిన రైతు దానిని ఎన్నటికీ అంగీకరించడు. కనుక నేల లోతు, సారం, నీటి వసతి, మురుగు పారుదల, దారి సౌకర్యం చూసి, రైతుల సమక్షంలోనే నేలలను తరగతులుగా విభజించి, ఆ విలువకు సమానమైన భూమిని వీలైనంత వరకు ఒకే చోట కేటాయించి, మిగిలిన తేడాను నగదుతో సరిచేయాలి. ముసాయిదా పటాన్ని బహిరంగంగా ప్రదర్శించి, అభ్యంతరాలు విన్న తరువాతే ఖరారు చేయాలి. నెదర్లాండ్స్ 1924లోనే ఏకీకరణకు ప్రత్యేక చట్టం చేసింది.

యాజమాన్యం వదులుకోవడానికి ఇష్టపడని చోట కౌలే మేలైన మార్గమని నా అభిప్రాయం. జపాన్ 2014లో ప్రిఫెక్చర్ల (అక్కడి ప్రాంతీయ పాలనా విభాగాల) స్థాయిలో మధ్యవర్తి సంస్థలను నెలకొల్పి, చెల్లాచెదురైన పొలాలను అవి కౌలుకు తీసుకుని, కలిపి, సాగుదారులకు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. బీడు భూములపై అదనపు పన్ను విధించదలచితే, ముందుగా ఇటువంటి నమ్మకమైన కౌలు మార్గం చూపాలి. వారసత్వ విభజనకు కనీస విస్తీర్ణం నిర్ణయించకపోతే, కలిపిన కమతం ఒక తరంలోనే మళ్లీ ముక్కలవుతుంది.