ఆకు తొలిచే పురుగుల గుర్తింపు – నాలుగవ పాఠం: బర్చ్ ఆకులో ఎరియోక్రేనియా

గత పాఠాలలో ఆకు లోపల పురుగు తొలిచే సన్నని సొరంగానికీ వెడల్పైన బొబ్బకూ గల తేడాను, గుడ్డు పెట్టిన చోటును, పురుగు వదిలిన మలం అమరికను విడివిడిగా పరిశీలించాము. ఇప్పుడు వాటన్నిటినీ కలిపి ఒకే కుటుంబం మీద ప్రయోగిద్దాము. అది ఎరియోక్రేనియా ప్రజాతి చేరిన ఎరియోక్రేనియిడే అనే చిన్న చిన్న రెక్కల పురుగుల (మాత్‌ల) కుటుంబం. బ్రిటన్‌లో దీనికి చెందిన 8 జాతులుండగా వాటిలో 6 బర్చ్ ఆకులనే తింటాయి. మిగిలిన రెండింటిలో ఒకటి ఓక్ మీద, రెండవది హేజెల్, హార్న్‌బీమ్ చెట్ల మీద బతుకుతాయి. అందువల్ల పురుగును వెతకడానికి ముందు చెట్టు ఏదో తేల్చుకోవాలి.

ఉత్తర ఐరోపాలో ఎక్కువగా ఎదురయ్యే బర్చ్ చెట్లు రెండు. బెటులా పెండులా లేత కొమ్మల మీద నూగు ఉండదు, చేతికి గరుకుగా తగిలే చిన్న బొడిపెలు ఉంటాయి. ఆకు అంచున పెద్ద పళ్ల మధ్య చిన్న పళ్లు కనిపిస్తాయి. బెటులా ప్యూబెసెన్స్ లేత కొమ్మల మీద మెత్తని నూగు ఉంటుంది. ఈ రెండూ కలిసి సంకరాలు కూడా ఏర్పడతాయి కనుక, లక్షణాలు స్పష్టంగా లేనప్పుడు ‘బర్చ్’ అని మాత్రమే రాసుకోవడం నిజాయితీ గల పద్ధతి.

ఈ పురుగు జీవితచక్రం తెలిస్తే వెతకవలసిన కాలం దానంతట అదే తెలుస్తుంది. బంగారు వన్నెలో ఊదా రంగు కలిసి మెరిసే రెక్కల పురుగులు, రెక్కలు చాచినా సుమారు ఒక సెంటీమీటరు ఉండేవి, మార్చి, ఏప్రిల్ నెలల ఎండలో బర్చ్ కొమ్మల చుట్టూ ఎగురుతాయి. ఎక్కువ జాతులలో ఆడపురుగు ఇంకా విచ్చుకోని మొగ్గలోనే గుడ్డు పెడుతుంది. ఆకు విప్పారుతూ ఉండగా లోపలి డింభకం (గుడ్డు నుంచి వెలువడిన పిల్లపురుగు) రెండు పొరల మధ్య కండను తింటూ సొరంగాన్ని బొబ్బగా పెంచుతుంది. ఎదిగిన తరువాత ఆకును చీల్చుకుని నేల మీద పడి, మట్టిలో గట్టి గూడు అల్లుకుని, మరుసటి వసంతం దాకా అక్కడే ఉంటుంది. ప్యూపాకు, అంటే గూటిలో రూపం మారుతున్న దశలోని పురుగుకు, పెద్ద దవడలుండడం ఈ కుటుంబపు విశేషం. వాటితోనే అది గూడును కోసుకుని, మట్టిని తోసుకుంటూ పైకి వస్తుంది. రెక్కల పురుగుల వంశంలో చాలా ప్రాచీనమైన శాఖలలో ఇది ఒకటని తెలిసినవారికి, ఆ దవడలను చూసే అవకాశం దొరకడం నిజంగా ఆనందం కలిగించే విషయం.

ఇక ఆకును చేతిలోకి తీసుకోండి. బొబ్బ ఉన్న భాగం తెల్లగా లేదా లేత గోధుమ రంగులో, కొద్దిగా ఉబ్బి కనిపిస్తుంది. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో లోపలికి చూడండి. మలం పొడవైన పోగులుగా, చిక్కుపడిన దారంలా కనిపిస్తే అది ఎరియోక్రేనియిడే పనే. పాఠం మొత్తంలో నమ్మదగిన ఒక్క గుర్తును చెప్పమంటే ఈ పోగులనే చెబుతాను.

ఇక్కడ తొందరపడితే దారి తప్పించేవి రంపపు ఈగల డింభకాలు. ఫెన్యూసా ప్యుమిలా వంటి జాతులు బర్చ్ ఆకులో దాదాపు ఇలాంటి బొబ్బనే చేస్తాయి, కాని వాటి మలం విడివిడి గింజలుగా రాలి ఉంటుంది. డింభకానికి రొమ్ము భాగంలో చిన్న కాళ్లుంటాయి. ఎరియోక్రేనియా డింభకానికి కాళ్లే ఉండవు. ఆకు అడుగు పొర ముడతలు పడి, గుడారంలా వంగిన బొబ్బ కనిపిస్తే అది ఫిల్లోనోరిక్టర్ అనే వేరే రెక్కల పురుగుల ప్రజాతి పని. దాని సంగతి ఇంకొక పాఠంలో చూద్దాము.

కుటుంబం తేలిన తరువాత జాతి తేల్చడం కష్టతరమైన పని, ఆ కష్టాన్ని దాచిపెట్టడం విద్యార్థికి మేలు చేయదు. ఎరియోక్రేనియా సాంగీ డింభకం ముదురు బూడిద రంగులో ఉంటుంది, బర్చ్ మీది తక్కిన జాతులవి తెల్లగా ఉంటాయి. అందుచేత సాంగీని పురుగు ఆకులో ఉండగా గుర్తించవచ్చు. అయితే చనిపోయిన డింభకం కూడా నల్లబడుతుంది, తెల్లని డింభకం పేగులోని ఆహారం ముదురు గీతలా బయటికి కనిపిస్తుంది. కదులుతున్న పురుగు శరీరం మొత్తం బూడిద రంగులో ఉంటేనే సాంగీ అని రాయండి. ఎరియోక్రేనియా సికాట్రిసెల్లా విషయంలో ఒకే బొబ్బలో రెండు, అంతకు మించిన డింభకాలు కలిసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. ఎరియోక్రేనియా స్పార్మనెల్లా అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది: తక్కినవి ఏప్రిల్, మే నెలలలో ఆకులు తొలిచి నేలకు దిగిపోయాక, ఇది వేసవిలో, సన్నని సొరంగంతో మొదలై బొబ్బగా మారే తొలుపును చేస్తుంది. కనుక నమోదులో తేదీ కూడా గుర్తింపు లక్షణమే. పురుగు వెళ్లిపోయిన వసంతకాలపు బొబ్బ మాత్రమే దొరికితే కుటుంబం పేరు దగ్గరే ఆగండి. రెక్కల పురుగుల విషయంలోనూ ఇంతే: సాంగీని, బర్చ్ మీది మరొక జాతి అయిన ఎరియోక్రేనియా సెమీపర్ప్యురెల్లాను పై రంగులతో విడదీయలేము, జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించవలసిందే.

నమోదులో నాలుగు అంశాలు తప్పనిసరి: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. బ్రిటన్‌లో స్థలాన్ని మ్యాపు గడి సంఖ్యతో పాటు వైస్ కౌంటీ పేరుతో కూడా రాస్తారు. 1852లో హ్యూవెట్ వాట్సన్ వృక్షాల నమోదు కోసం గీసిన ఆ 112 విభాగాలను కీటకాల నమోదుకు కూడా వాడుతున్నారు. పరిపాలన సరిహద్దులు మారినా ఇవి మారలేదు కనుక పాత నమోదును కొత్త నమోదుతో పోల్చడం వీలవుతుంది. దీనికి తోడు చెట్టు జాతి, బొబ్బ మొదలైన చోటు ఆకు అంచున ఉందా లోపల ఉందా, లోపల పురుగు ఉందా లేదా, ఉంటే ఎన్ని, ఏ రంగు అన్నవి కూడా చేర్చండి. ఒక మాదిరి వాక్యం ఇలా ఉండవచ్చు: ‘మే 6, బెటులా పెండులా, అంచు దగ్గర మొదలైన బొబ్బ, మలం పోగులుగా ఉంది, బతికి ఉన్న బూడిద రంగు డింభకం ఒకటి, ఎరియోక్రేనియా సాంగీ.’ ఈ వాక్యాన్ని ఇరవై ఏళ్ల తరువాత చదివినవారు కూడా ఆ పేరు ఎందుకు పెట్టారో తమంతట తాము సరిచూసుకోగలరు.

ఫొటోలు రెండు తీయండి: ఒకటి మామూలు వెలుతురులో స్కేలు పక్కన పెట్టి, మరొకటి వెనుక నుంచి వెలుతురు పడేలా. ఆకును రెండు కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఎండబెడితే మలం పోగులు చెక్కుచెదరకుండా నిలుస్తాయి. డింభకం రంగు మాత్రం నిలవదు, కనుక ఆకును ఎండబెట్టక ముందే దాన్ని ఫొటో తీసి, రంగును మాటల్లో కూడా రాయండి.

వచ్చే పాఠానికి ముందు ఒకే బర్చ్ చెట్టు నుంచి బొబ్బలున్న ఆకులను సేకరించి, మలం పోగులుగా ఉన్నవి, గింజలుగా ఉన్నవి అని రెండు కుప్పలుగా వేరు చేయండి. ఏ కుప్పలోనూ చేరనివాటిని పారవేయకండి. ఐదవ పాఠాన్ని వాటితోనే మొదలుపెడతాము.