ఇంగ్లిష్ క్రియలు, 12వ పాఠం: ‘అర్న్’ అంటే ఒక్క సంపాదనేనా?

పోయిన పాఠంలో ‘విన్’ మీద ఇచ్చిన వాక్యాలు రాశారు కదా. ‘అతను లాటరీలో డబ్బు గెలిచాడు’ అన్న వాక్యం దగ్గర చాలామంది ఆగిపోయి ఉంటారు. అక్కడ ‘విన్’ అనాలి, ‘అర్న్’ కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే ఈ వారం పాఠం సగం వచ్చినట్టే.

ముందు ఉచ్చారణ. స్పెల్లింగు (earn) చూసి ‘ఎర్న్’ అంటుంటారు. ‘టర్న్’, ‘బర్న్’లతో ప్రాస కలిసేలా ‘అర్న్’ అనండి. భూతకాలంలో ‘అర్న్‌డ్’.

నిఘంటువులో ‘సంపాదించు’ అని ఉంటుంది. తప్పేమీ కాదు గానీ, మన ‘సంపాదించు’ది పెద్ద చేయి. డబ్బు, జ్ఞానం, అనుభవం, చివరికి శత్రువులను కూడా సంపాదించుకుంటాం. ‘అర్న్’ లెక్క మనిషి. చేసిన పనికో, ఉన్న అర్హతకో బదులుగా దక్కినదాన్నే తన ఖాతాలో రాసుకుంటుంది. జీతం, డిగ్రీ, గౌరవం, నమ్మకం దానికి సరిపోతాయి. జ్ఞానానికీ అనుభవానికీ ‘గెయిన్’ వాడండి, శత్రువులకు ‘మేక్’. తాతగారి నుంచి వచ్చిన పొలానికి ‘ఇన్‌హెరిట్’.

ఉద్యోగులు ‘ఈఎల్’ అని పిలుచుకునే సెలవులో ఉన్నది ఈ మాటే: ‘అర్న్‌డ్ లీవ్’, తెలుగులో ఆర్జిత సెలవు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెట్టిన లెక్క చూడండి. ఏడాదిలో కనీసం 240 రోజులు పనిచేసిన వయోజన కార్మికుడికి, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున, మరుసటి ఏడాది జీతంతో కూడిన సెలవు దక్కేది. పండగ సెలవు అందరికీ వస్తుంది, ఇది మాత్రం పనిచేసిన రోజులను బట్టి జమ అవుతుంది. (తిరుమల ఆర్జిత సేవ సంగతి వేరు, దానికి టికెట్టు కొనాలి.)

ఇక నేను ఎక్కువగా దిద్దే తప్పు. ‘మై ఫాదర్ ఈజ్ అర్నింగ్ థర్టీ థౌజండ్ ఎ మంత్’ అని రాస్తారు. నెలనెలా వచ్చే జీతం అలవాటుగా జరిగే పని కాబట్టి ‘మై ఫాదర్ అర్న్స్’ చాలు. ‘ఈజ్ అర్నింగ్’ అంటే ప్రస్తుతానికి అంత వస్తోంది, ముందు ముందు మారవచ్చు అనే ధ్వని వస్తుంది.

మనుషులే కాదు, బ్యాంకులో వేసిన డబ్బు కూడా వడ్డీని ‘అర్న్’ చేస్తుంది.

అసలు చిక్కు ఈ వాక్యంతో: ‘హిజ్ ఆనెస్టీ అర్న్‌డ్ హిమ్ రెస్పెక్ట్’. నిజాయితీ అతన్ని సంపాదించిందా అని ఒక విద్యార్థి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. క్రియ తర్వాత రెండు కర్మలున్నాయి: ముందు ఎవరికి, తర్వాత ఏమిటి. ఇక్కడ ‘సంపాదించు’ను పక్కన పెట్టి ‘తెచ్చిపెట్టు’ అనుకోండి. నిజాయితీ అతనికి గౌరవం తెచ్చిపెట్టింది. వాక్యం చక్కగా కుదిరింది కదా! చెడు ఫలితానికీ ఇదే పద్ధతి. నోటిదురుసు అతనికి సస్పెన్షన్ తెచ్చిపెట్టిందన్నా క్రియ ‘అర్న్‌డ్’ అనే ఉంటుంది. ‘తెచ్చిపెట్టు’లో ఉన్న వెటకారం దానిలోనూ వినిపిస్తుంది.

వచ్చే పాఠం ‘గెయిన్’. ఈలోగా వీటిని ఇంగ్లిష్‌లో రాయండి. ఒకదానిలో మాత్రం ‘అర్న్’ పనికిరాదు.

1. మా అక్క ట్యూషన్లు చెప్పి నెలకు 8,000 సంపాదిస్తుంది.
2. ఆ ఒక్క ఇన్నింగ్స్ ఆమెకు జట్టులో చోటు తెచ్చిపెట్టింది.
3. అతను ఊరినిండా శత్రువులను సంపాదించుకున్నాడు.