మార్చి 31న మిర్చి స్టాకు లెక్క కుదరకపోతే

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ జోరు మీద ఉండగానే మార్చి 31, అంటే లెక్కల ఏడాది చివరి రోజు, వచ్చి పడుతుంది. అప్పటికి బస్తాలు కొన్ని గోదాంలో, కొన్ని కోల్డ్ స్టోరేజీలో, కొన్ని లారీలో ఉంటాయి. లాభం తేడాగా కనిపిస్తే ముందు ముగింపు నిల్వ, అంటే ఆ రోజుకు మిగిలిన సరుకు విలువ, చూడండి. ప్రారంభ నిల్వ, కొనుగోళ్లు, సరుకు తెచ్చుకున్న ఖర్చులు కలిపి, అందులోంచి ముగింపు నిల్వ తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు వస్తుంది. నిల్వ పదివేలు ఎక్కువ వేస్తే లాభమూ పదివేలు ఎక్కువ కనిపిస్తుంది, వచ్చే ఏడాది అంతే తగ్గుతుంది.

సమస్య: గ్రాస్ ప్రాఫిట్ (అమ్మకాల్లోంచి అమ్మిన సరుకు ఖరీదు తీసేస్తే మిగిలేది) ఒక్కసారిగా పెరిగింది.
కారణం: నెలాఖరున దిగిన బస్తాలను స్టాకులో లెక్కపెట్టారు కానీ, వాటి కొనుగోలు ఏప్రిల్‌లో ఎంట్రీ అయింది.
పరిష్కారం: మార్చి చివరి వారం తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర రాసిన మార్కెట్ చీటీలు), లారీ రసీదులు ముందు పెట్టుకుని ఎంట్రీ తేదీలు సరిచూడండి.

సమస్య: కిలోలు తగ్గాయి, లాభమూ తగ్గింది.
కారణం: ఎక్కువ మంది ఇక్కడే తప్పు చేస్తారు. మిర్చి ఆరి తూకం తగ్గడం మామూలే. అయినా మిగిలిన సరుకుకు కొన్న ధరే వేస్తారు, హమాలీ, లారీ కిరాయి మర్చిపోతారు.
పరిష్కారం: 10,000 కిలోలు రూ.150 చొప్పున కొన్నారనుకుందాం. హమాలీ, కిరాయి రూ.19,000. మొత్తం రూ.15,19,000. మామూలు తరుగు 200 కిలోలు పోతే మిగిలేవి 9,800. అంటే కిలో రూ.155 పడింది. ఇంకా 2,000 కిలోలు ఉంటే నిల్వ రూ.3,10,000, అమ్మిన సరుకు ఖరీదు రూ.12,09,000. రూ.150 వేసి ఉంటే లాభం రూ.10,000 తక్కువ కనిపించేది. వానకు తడిసి పాడైన బస్తాల ఖరీదును మాత్రం మిగతా సరుకు మీద ఇలా పంచకండి, అది విడిగా నష్టం. అమ్మకానికి దాచిన సరుకు కోల్డ్ స్టోరేజీ అద్దె కూడా ఖర్చే, నిల్వ విలువలో కలపకూడదు.

సమస్య: ధర పడిపోయింది, స్టాకు మాత్రం పాత రేటుకే ఉంది.
పరిష్కారం: స్టాకు విలువ కట్టే నియమమైన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ప్రకారం ఖరీదు, నికరంగా చేతికొచ్చే ధర, ఈ రెండింట్లో తక్కువదే వేయాలి. పైన చెప్పిన 2,000 కిలోలు కిలో రూ.140కి పోయి, అమ్మకం ఖర్చు కిలోకు రూ.3 అయితే నిల్వ రూ.137 చొప్పున రూ.2,74,000. మనసు ఒప్పుకోదు, అయినా తగ్గించాల్సిందే.

పాత లాట్లు, కొత్త లాట్లు కలిసిపోతే సగటు ధరో, ముందు వచ్చింది ముందు పోయినట్టు లెక్కించే ఫిఫో పద్ధతో వాడండి. ఏది ఎంచుకున్నా ఏటా అదే. లాభం బాగా కనిపించాలని పద్ధతి మార్చకండి.